పని చేయించాక అందుకోని బండి

నాందేడ్‌లో దెగ్లూరు నాకా దాటాక, రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. ఎండాకాలం, మధ్యాహ్నం రెండు దాటింది. పాత డీజిల్ పికప్పు ఒకటి మూడు రోజులుగా అక్కడే ఉంది. క్లచ్ పోయిందని గేర్‌బాక్సు దించారు, పనిలో పనిగా హెడ్ కూడా దించి ప్యాకింగ్ మార్చారు. అన్నీ బిగించి తాళం తిప్పితే సెల్ఫ్ ‘టక్’ అని ఆగిపోతోంది. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. బండి డ్రైవర్‌ది బిలోలి వైపు పల్లె. ధర్మాబాద్ మార్కెట్‌కు మిర్చి బస్తాలు చేర్చాలి, అప్పటికే రెండు కిరాయిలు పోయాయి.

‘‘సెల్ఫ్ పోయినట్టుంది. కొత్తది ఏస్తే అయిపోతది’’ అన్నాడు పనిచేసే కుర్రాడు.

‘‘భయ్యా, మొన్న షెడ్డుకు నడుపుకుంటనే వచ్చిన గద. అప్పుడు మంచిగున్న సెల్ఫ్, ఇక్కడ నిలబడ్డ బండిల ఎట్ల పోతది?’’ అన్నాడు డ్రైవర్.

ఆ ప్రశ్న విని లోపలి నుంచి పెద్ద మిస్త్రీ లేచి వచ్చాడు. కుర్రాణ్ని సెల్ఫ్ కొట్టమని, బానెట్ కింద యాక్సిలరేటర్ కేబుల్ మీద చేయి వేశాడు. రెండోసారి కొట్టేసరికి చేయి వెనక్కి లాక్కున్నాడు. కేబుల్ కాలుతోంది. పెట్రోలు, డీజిలు ఏదీ పారని ఆ ఉత్త తీగ వేడెక్కడానికి ఒకటే కారణం: సెల్ఫ్‌కు పోయిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరడానికి దారిలేక ఆ సన్నటి కేబుల్ గుండా వస్తోంది. బండి కింద దూరి చూస్తే గేర్‌బాక్సు వెనక అల్లిక తీగ ఒకటి వేలాడుతోంది. ఛాసిస్ నుంచి ఇంజన్‌కు ఉండాల్సిన ఎర్తు పట్టీ అది. గేర్‌బాక్సు దించినప్పుడు విప్పారు, ఎక్కించాక బిగించడం మరిచారు. వైరు బ్రష్షుతో దాని కొస గీకి, బోల్టు బిగించారు. పావుగంట పని.

ఈ వ్యాసం మొత్తం ఆ డ్రైవర్ అడిగిన ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. రోడ్డు మీద నడుస్తూ ఆగిపోయిన బండికీ, పని చేయించాక అందుకోని బండికీ చాలా తేడా ఉంది. మొదటిదాంట్లో ఏ భాగమైనా అరిగి ఉండవచ్చు, తెగి ఉండవచ్చు, కాలి ఉండవచ్చు. రెండోదాంట్లో అనుమానం మొదట పోవాల్సింది అరిగిన వాటి మీదికి కాదు, చేయి పడ్డ వాటి మీదికి. విప్పినదేదో సరిగా బిగియలేదు, లేదా తిరగబడి బిగిసింది, లేదా బిగించకుండానే మిగిలిపోయింది. ఈ చిన్న మాట పాటించకపోవడం వల్ల మన ఊళ్లలో ఎంత డబ్బు కొత్త సామాను కింద పోతోందో బండి మీద బతికే ఏ ఇంటి మనిషిని అడిగినా చెబుతారు.

నాందేడ్ ఈ విషయం మాట్లాడుకోవడానికి తగిన చోటు. 1956 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ తాలూకాల్లో ఇవాళ్టికీ ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. ఇక్కడి ఎంహెచ్ 26 నంబరు బళ్లు నిజామాబాద్, బోధన్, కామారెడ్డి దాకా రోజూ తిరుగుతాయి. అర్ధాపూర్ అరటి, పత్తి, సోయా, మంజీర ఇసుక అన్నీ చక్రాల మీదే పోవాలి. హజూర్ సాహిబ్ గురుద్వారాకు పంజాబ్ నుంచి వచ్చే బళ్లు కూడా ఇక్కడి షెడ్లలోనే ఆగుతాయి. అందుకే ఇక్కడి మిస్త్రీ నోట దక్కనీ, మరాఠీ, తెలుగు కలిసే వస్తాయి. పానా, ప్యాకింగ్, సెల్ఫ్, నాజిల్, టాపెట్ అన్న మాటలకు మాత్రం ఏ భాషలోనూ వేరే అనువాదం అక్కర్లేదు.

ఆ హైదరాబాద్ రాష్ట్రంలో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. స్కాట్లాండ్ నుంచి తెప్పించిన ఆల్బియన్ బస్సులు అవి. ఆ కాలపు బళ్లకు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పే ఏర్పాటు ఉండేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన కరెంటు స్టార్టర్ 1912 మోడల్ క్యాడిలాక్ కార్లలో వచ్చినా, హ్యాండిల్ మాత్రం చాలా దశాబ్దాలు మన లారీలను వదలలేదు. ఎదురు తన్నితే బొటనవేలు విరుగుతుందని, అయిదు వేళ్లూ ఒకే వైపు ఉంచి పట్టుకోవడం నేర్పేవారు. కష్టమైన పనే. కానీ ఆ హ్యాండిల్ పట్టుకున్న మనిషికి ఇంజన్ లోపలి సంగతి చేతికి తెలిసేది. ఏ సిలిండర్ దగ్గర బిగుతుగా ఉంది, ఏది ఉత్తగా జారిపోతోంది, ఎక్కడ ఇనుముకు ఇనుము తగులుతోంది అన్నీ. సెల్ఫ్ వచ్చాక ఆ స్పర్శ పోయింది. బోరు పని చేసిన ఇంజన్‌ను నేరుగా సెల్ఫ్ కొట్టి లేపాలని చూడటం ఇవాళ మామూలైపోయింది. పెద్ద నష్టాలు చాలావరకు అక్కడే జరుగుతున్నాయి.

అందుకే ఏ పుస్తకం చూసినా, ఏ పాత మిస్త్రీని అడిగినా, హెడ్ దించిన ఇంజన్‌కైనా, పూర్తిగా విప్పిన ఇంజన్‌కైనా మొదటి పరీక్ష చేత్తోనే. క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి, అది తిరగాల్సిన దిక్కునే రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఒక చుట్టు చాలదు. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితేనే క్యామ్ ఒక చుట్టు పూర్తి చేస్తుంది, అంటే అన్ని వాల్వులూ ఒకసారి తెరుచుకుని మూసుకునేది 720 డిగ్రీలకు. కొత్త రింగులు, కొత్త షెల్లులు వేసిన ఇంజన్ బరువుగా తిరుగుతుంది, కానీ చుట్టంతా ఒకే బరువుతో తిరగాలి. ఉన్నట్టుండి రాయికి తగిలినట్టు ఆగితే పానా మీద బలం పెట్టకూడదు. వాల్వు పిస్టన్‌కు తగులుతూ ఉండవచ్చు, టైమింగ్ తప్పిందన్నమాట. లేదా సిలిండర్‌లో నీళ్లో, డీజిలో నిలిచి ఉండవచ్చు. ద్రవం గాలిలా నలగదు. సెల్ఫ్ బలానికి అప్పుడు వంగేది కనెక్టింగ్ రాడ్డు. 2025 ఆగస్టులో ముఖేడ్ వైపు వచ్చినలాంటి వరదల్లో మునిగిన బళ్లకు చేసే పనిలో ఈ జాగ్రత్తకు రెండింతలు విలువ. ప్లగ్గులు లేదా నాజిళ్లు తీసేసి తిప్పితే నీళ్లు బయటికి చిమ్ముతాయి, ఇంజన్ బతుకుతుంది.

రెండు చుట్లూ ఎక్కడా ఆగకుండా తిరిగినా ఇంకో చిక్కు ఉండవచ్చు. మెయిన్ బేరింగ్ క్యాపులకు నంబర్లు ఉంటాయి, దిక్కు ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి పడితే ఇంజన్ అంతా బిగిసినట్టు ఉంటుంది. మంచి పనివాడు ఒక్కో క్యాపు బిగించినప్పుడల్లా షాఫ్టు తిప్పి చూసుకుంటాడు, ఏ క్యాపు దగ్గర బరువెక్కిందో అక్కడే దొరికిపోతుంది. అన్నీ బిగించాక చూద్దాం అనుకున్నవాడు మళ్లీ అన్నీ విప్పాలి.

ఇంజన్ చేత్తో తిరుగుతోంది, సెల్ఫ్‌తో తిరగడం లేదు అంటే విషయం కరెంటుది. మూడు నాలుగు రోజులు షెడ్డులో డోరు తెరిచి ఉన్న బండిలో బ్యాటరీ దిగిపోతుంది. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ నిలబడి 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కింద పడితే అది బలహీనపడ్డట్టే. బ్యాటరీ బాగుంటే ఎర్తు చూడాలి. మల్టీమీటరు ఒక తీగను ఇంజన్ ఇనుముకు, ఇంకోదాన్ని బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటి చూపిస్తే దారిలో ఎక్కడో ఎర్తు లేదు. మీటరు లేనివాళ్లు జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజన్‌కు కలిపి కొట్టి చూడవచ్చు. అందుకుంటే జబ్బు తెలిసిపోయింది. దెగ్లూరు నాకా దగ్గర ఆ మిస్త్రీ కేబుల్ మీద చేయి వేసి చేసిందీ ఇదే పరీక్ష, మీటరు లేకుండా. ఇంజన్‌కు కొత్త పెయింటు వేసిన చోట ఈ తప్పు ఎక్కువ. పట్టీ బిగించే ఉంటుంది, దాని కింద రంగు ఉంటుంది.

ఇక అసలైన పెద్ద ప్రశ్న. సెల్ఫ్ బాగా కొడుతోంది, ఇంజన్ తిరుగుతోంది, అందుకోవడం లేదు.

డీజిల్ బండి అయితే మొదట చూడాల్సింది సైలెన్సర్ వైపు. ఒకరిని సెల్ఫ్ కొట్టమని వెనక నిలబడాలి. తెల్లటి పొగ వస్తోందా, అసలేమీ రావడం లేదా? ఈ ఒక్క చూపు సగం దారి చెబుతుంది, ఏ పరికరమూ అక్కర్లేదు. తెల్లపొగ అంటే డీజిల్ సిలిండర్ దాకా చేరుతోంది, మండటం లేదు. అప్పుడు చూడాల్సింది కంప్రెషన్, టైమింగ్, గ్లో ప్లగ్గులు. పొగే లేదంటే డీజిల్ చేరడం లేదు. అప్పుడు వాల్వుల జోలికి, రింగుల జోలికి పోవడం వృథా.

డీజిల్ చేరకపోవడానికి అన్నిటికంటే మామూలు కారణం గాలి. మన వాళ్లు గాలి పట్టింది అంటారు. పైపులు విప్పాం, ఫిల్టర్ మార్చాం, గాలి లోపలికి పోయింది. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి పుడుతుంది, గాలిని నొక్కితే అది నలిగి ఊరుకుంటుంది, నాజిల్ తెరుచుకోదు. హ్యాండ్ పంపు కొడుతూ, బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి నిండు డీజిల్ వచ్చేదాకా తీయాలి. ఇది అందరికీ తెలుసు. అందరికీ తెలియనిది ఆ తర్వాతి సంగతి: గాలి తీశాక ఒక నిమిషం నడిచి ఆగిపోయే బండి. మళ్లీ తీస్తే మళ్లీ నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. ట్యాంకుకూ పంపుకూ మధ్య పైపులో ఉండేది లాగే ఒత్తిడి. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, బయటి గాలే లోపలికి పోతుంది. నేల మీద ఒక్క చుక్క ఉండదు. అందుకని ‘ఎక్కడా లీకు లేదు’ అని పంపు విప్పుతారు, పంపు సెంటర్‌కు పంపుతారు, వేలు ఖర్చవుతాయి.

నేను ఒకసారి దగ్గరుండి చూసిన ట్రాక్టరులో అదే జరిగింది. పంపు ముందు అర అడుగు రబ్బరు పైపు తీసి దాని చోట తెల్లటి పారదర్శక పైపు పెట్టాడు మిస్త్రీ. కొట్టగానే ఆవగింజలంత బుడగలు వరస కట్టి పోవడం కంటికి కనబడింది. బుడగలు ఫిల్టరు తర్వాత ఉన్నాయి, ఫిల్టరు ముందు లేవు. దొంగ ఎవరంటే, ఫిల్టరు మీద ఉన్న బ్యాంజో బోల్టు రాగి వాషర్. పాతదాన్నే తిరిగి వేశారు. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, రెండోసారి ఇనుమును అంటుకోదు. పాత పనివాళ్లు దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో వేసి మెత్తబరిచి వేసేవారు, అది నిజంగానే పనిచేస్తుంది. కొత్త వాషర్ కొన్ని రూపాయలు. ఆ ట్రాక్టరు రైతు దాని కోసం సోయా విత్తనాల అదనులో రెండు రోజులు పోగొట్టుకున్నాడు.

పాత మెకానికల్ పంపు ఇంజన్లలో నాజిల్ పైపు నట్టు అర మర వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మాక బిగించడం ఒక అలవాటు. ఆ అలవాటును కామన్ రైల్ ఇంజన్ల దగ్గరికి తీసుకుపోకూడదు. 1997లో ఆల్ఫా రోమియో కారుతో మొదలైన ఆ పద్ధతి ఇవాళ మన చిన్న పికప్పుల దాకా వచ్చింది. అందులో ఒత్తిడి 1,600 బార్‌కు, కొన్నిటిలో ఆ పైకీ పోతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది కానీ, లోపల వేలు, చేయి కుళ్లుతుంది, వెంటనే ఆపరేషన్ కావాలి. ఈ మాట ప్రతి షెడ్డు గోడ మీదా రాసి ఉండాలని నా కోరిక. ఈ ఇంజన్లలో ఇంకో ఇబ్బంది ఉంది. రైల్‌లో దాదాపు 200 బార్ పేరుకుంటే గానీ కంప్యూటర్ నాజిళ్లను తెరవదు. ఒక్క నాజిల్ అరిగి డీజిలును వెనక పైపులోకి ఎక్కువగా వదిలేస్తే నాలుగూ పనిచేయవు. నాలుగు నాజిళ్ల వెనక పైపులకు నాలుగు చిన్న సీసాలు కట్టి సెల్ఫ్ కొడితే, ఏ సీసా తొందరగా నిండుతుందో అదే దోషి. స్కానర్ లేకపోయినా అయ్యే పరీక్ష ఇది.

డీజిల్ ఆగిపోయే ఇంకో చోటు స్టాప్ సొలినాయిడ్. పంపు నెత్తిన ఒక్క తీగతో ఉంటుంది. తాళం తిప్పగానే ‘టిక్’ మనాలి. హెడ్ పని చేసేటప్పుడు ఆ తీగ పక్కకు పెట్టి మరిచిపోవడం చాలా తేలిక. పాత లారీల్లో, ట్రాక్టర్లలో చేత్తో లాగే స్టాప్ నాబ్ ఉంటుంది, అది లాగినట్టే ఉండిపోతుంది. ఇవి చూడటానికి అర నిమిషం కూడా పట్టదు కాబట్టే అందరూ చివర చూస్తారు.

టైమింగ్ సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎక్కువ ఇంజన్లు పాడయ్యేది ఇక్కడే. పిస్టన్ పైకి రావడం రెండుసార్లు జరుగుతుంది. ఒకసారి కంప్రెషన్‌లో, ఒకసారి పొగ బయటికి నెట్టేటప్పుడు. క్రాంక్ పుల్లీ మీది గుర్తు రెండుసార్లూ ఒకేలా కలుస్తుంది. దాన్ని మాత్రమే చూసి పంపు ఎక్కించినవాడు సగం సార్లు తిరగబడి ఎక్కిస్తాడు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో మిస్త్రీలు చెప్పే ఉపాయం ఒకటుంది. నాలుగో సిలిండర్ వాల్వులు ఊగుతున్నాయంటే, అంటే ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటూ ఉందంటే, మొదటి సిలిండర్ కంప్రెషన్ పైన ఉన్నట్టు. దాంతో పొరపాటు ఉండదు. నాలుగు సిలిండర్లకు పేలే వరస 1-3-4-2, ఆరుకు మామూలుగా 1-5-3-6-2-4. పెట్రోలు బండిలో ప్లగ్గు వైర్లు అటూ ఇటూ మారితే కార్బురేటర్ వైపు ఫటఫటమని తిరిగి పేలుతుంది. బండి తన జబ్బు తానే చెబుతున్నట్టు. బెల్టు ఒక్క పన్ను తప్పితే చాలా ఇంజన్లు అందుకోవడానికి మొరాయిస్తాయి, కొన్ని అందుకుని బలం లేకుండా నడుస్తాయి. ఎక్కువ పళ్లు తప్పితే వాల్వులు వంగుతాయి. అందుకే టైమింగ్ అనుమానం ఉన్న బండికి ధక్కా కొట్టించడం, ఇంకో బండితో లాగించడం పెద్ద తప్పు. షెడ్డులో పదిమంది చేరి ఉత్సాహంగా నెడతారు. బెల్టు సరిగా ఉంటేనే నెట్టండి.

కంప్రెషన్ విషయానికొస్తే, హెడ్ పని తర్వాత ఒక తప్పు తరచూ కనబడుతుంది. వాల్వు సీట్లు గ్రైండింగ్ చేస్తే వాల్వు కొంచెం లోపలికి దిగుతుంది, దాని కాడ అంతే పైకి లేస్తుంది. పాత టాపెట్ గ్యాపు అక్కడితో చచ్చిపోతుంది. ఫీలర్ గేజ్ పెట్టకుండా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, అదిమిన గాలి అటే పోతుంది. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, వేలకు వేలు ఖర్చు, అయినా ఇంజన్ ఊపిరి నిలవదు. గేజి పెడితే పెట్రోలు ఇంజన్ సాధారణంగా 120 నుంచి 180 పీఎస్ఐ, డీజిల్ 300 పైనే చూపాలి. అన్ని సిలిండర్లూ సమానంగా తక్కువ చూపితే టైమింగ్ వైపు పోవాలి. ఒక్కటే తక్కువైతే వాల్వో, రింగో. పక్కపక్కన రెండు తక్కువైతే ఆ రెంటి మధ్య ప్యాకింగ్. పెట్రోలు ఇంజన్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ కొలిచినప్పుడు రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఇంత తేలికైన తర్కం మన వృత్తిలో ఉండగా ఊహ మీద సామాను మార్చడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

గాలి లోపలికి పోయే దారిలో దుమ్ము పడకూడదని మానిఫోల్డ్ రంధ్రంలో గుడ్డ కుక్కుతారు. మంచి అలవాటే. ఆ గుడ్డ అక్కడే ఉండగా పైపు బిగించిన సంగతి ఏ షెడ్డులో అడిగినా ఒకటైనా వినబడుతుంది.

పెట్రోలు బండికి నిప్పు, పెట్రోలు, టైమింగ్, కంప్రెషన్ అనే నాలుగే. తాళం ఆన్ చేయగానే ట్యాంకు వైపు నుంచి రెండు సెకన్లు పంపు గుయ్యిమనాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్పీఎం ముల్లు కొంచెమైనా కదలాలి. కదలకపోతే మొదటి అనుమానం క్రాంక్ సెన్సార్ మీద. గేర్‌బాక్సు దించిన బండిలో ఆ సెన్సార్ తీగ నలిగి ఉండవచ్చు, కనెక్టర్ పెట్టకపోయి ఉండవచ్చు. కంప్యూటర్ ఎర్తు తీగ చాలా బళ్లలో హెడ్ మీదో, మానిఫోల్డ్ మీదో ఒక చిన్న బోల్టుతో ఉంటుంది. అది వేలాడుతుంటే స్కానర్ సవాలక్ష తప్పులు చూపిస్తుంది, ఒక్కటీ నిజం కాదు. బైకుల్లో అయితే మాగ్నెట్ కీ కోసుకుపోవడం, క్యామ్ చైన్ గుర్తు తప్పడం, టాపెట్ బిగుసుకుపోవడం. ఈ మూడూ చూస్తే చాలావరకు తేలుతుంది.

బండి లేవడం లేదని ఈథర్ స్ప్రే కొట్టడం ఈ మధ్య పెరిగింది. గ్లో ప్లగ్గులు, హీటర్ ఉన్న డీజిల్ ఇంజన్‌లో అది లోపలే పేలి పిస్టన్ చీలుతుంది. సెల్ఫ్ కూడా పది సెకన్లకు మించి కొట్టకూడదు, మధ్యలో అర నిమిషమైనా ఆరనివ్వాలి. లేకపోతే మొదట లేని జబ్బు రెండోదిగా వచ్చి చేరుతుంది.

ఇప్పుడు పద్ధతుల గురించి. బండి ఎందుకు అందుకోవడం లేదన్న ప్రశ్నకు మన దగ్గర మూడు రకాల జవాబులు నడుస్తున్నాయి. ఒకటి చెవి, చేయి నమ్ముకున్న పాత మిస్త్రీది. రెండోది స్కానర్ నమ్ముకున్న కుర్రాళ్లది. మూడోది ఏదీ నమ్మకుండా సామాను మార్చుకుంటూ పోయేది. మూడోదాన్ని పద్ధతి అనడానికి నాకు మనసొప్పదు, ఆ ఖర్చంతా బండి యజమాని భరిస్తాడు. మొదటి రెండింటి మధ్య పోటీ పెట్టడం కూడా సరికాదు. బీఎస్-6 కాలుష్య నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాక సెన్సార్లు పెరిగాయి, స్కానర్ లేకుండా కొన్ని తప్పులు దొరకనే దొరకవు. కొత్త నాజిల్ వేస్తే దాని మీది కోడు కంప్యూటర్‌కు ఎక్కించాల్సిన బళ్లున్నాయి. కానీ వేలాడే ఎర్తు పట్టీని, నలిగిన వాషర్‌ను, మానిఫోల్డులో గుడ్డను ఏ స్కానర్ చూపించదు. నా ఓటు ఇద్దరికీ కలిపి ఒక నోటు పుస్తకానికి. ఏది విప్పామో వరసగా రాసుకోవడం, విప్పకముందు ఫోనుతో ఫోటో తీయడం, తీగలకు కాగితం ముక్కలు కట్టడం. రాసుకున్న షెడ్డులో వెతకాల్సిన చోట్లు ఏడెనిమిదికి తగ్గిపోతాయి. రాసుకోని షెడ్డులో బండి మొత్తం అనుమానమే.

మెకానిక్కుల తప్పులే ఎంచడం అన్యాయం. సరైన మాన్యువల్, సరైన పరికరం చేతికి ఇవ్వకుండా సరైన పని అడుగుతున్నాం. బయటి షెడ్లకు విడిభాగాలు, పరీక్ష పరికరాలు అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, అందులో మోటారు వాహనాలు, వ్యవసాయ పరికరాలు రెండూ ఉన్నాయి. మంచి అడుగే. కానీ బిలోలి షెడ్డులో పనిచేసే కుర్రాడి చేతికి టార్క్ పట్టిక, టైమింగ్ గుర్తుల బొమ్మ అతను చదువుకునే భాషలో, తెలుగులోనో మరాఠీలోనో చేరాలి. ఎంత బిగించాలో తెలియక అంచనాగా బిగించే హెడ్ బోల్టు ఎన్ని ప్యాకింగులు కాల్చిందో లెక్కలేదు.

యజమాని వైపు నుంచి చూస్తే, చేసిన పనికి రాసిన బిల్లు, మార్చిన పాత సామాను, ఈ రెండూ అడిగి తీసుకోవాలి. పని చేయించక ముందు బండి నడిచిందని ఆధారం ఉండటం ముఖ్యం, షెడ్డులోకి నడిపించుకొచ్చిన వీడియో చాలు. ముందుగా మర్యాదగా మాట్లాడితే చాలావరకు షెడ్డులోనే తేలిపోతుంది. తేలకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద సేవాలోపం మీద జిల్లా కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లవచ్చు. 5 లక్షల రూపాయల లోపు చెల్లించిన వ్యవహారానికి ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

బండి అందుకున్నాక కూడా ఒక గంట షెడ్డులోనే ఉండాలి. ఆయిలు లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయాలి, షెల్లులు కాలిపోతాయి. పూర్తిగా విప్పిన ఇంజన్‌కు అయితే డీజిల్ ఆపి, కొన్నిసార్లు ఉత్తగా తిప్పి ఆయిలు పైకి ఎక్కించాకే నిప్పు పెట్టడం మంచిది. మొదట కొంత తెల్లపొగ, కాలుతున్న గ్రీజు వాసన వస్తాయి, కంగారు అక్కర్లేదు. రేడియేటర్ మూత మాత్రం చల్లగా ఉన్నప్పుడే తీసి పెట్టి, ఇంజన్ వేడెక్కే లోపల చూడాలి. మొదటి బుడగలు లోపల చిక్కిన గాలివి, అవి తగ్గిపోతాయి. తగ్గకుండా ఉడుకుతున్నట్టు వస్తూనే ఉంటే ప్యాకింగ్ పట్టలేదు.

ఆ రోజు బిలోలి డ్రైవర్ అదే చేశాడు. సెల్ఫ్ కొట్టగానే ఒక్క దెబ్బకు అందుకుంది. అందరూ చాయ్‌కి పోతే అతను మాత్రం బానెట్ దగ్గరే నిలబడి, ఫోను టార్చి రేడియేటర్ మూతి మీద పట్టుకుని, బుడగలు ఆగేదాకా చూశాడు.